ఇంటి పన్ను – మనము తెలిసికొనదగిన సంగతులు

నాయకరాజుల కాలమునుండి మధుర, కోయంబత్తూరు సీమలలో మన తెలుగు కుటుంబములు ఇండ్లు కట్టుకొని నివసించుచున్నవి. ఇంట తెలుగే మాటలాడినను, పన్ను కాగితము అరవమున వచ్చును. అందు 'సొత్తు వరి' యని యుండునదే మన ఇంటి పన్ను.

ఈ రెండు పట్టణములందును 1866లో పురపాలక సంఘము లేర్పడెను. మధుర 1971లోను, కోయంబత్తూరు 1981లోను కార్పొరేషనులైనవి. పట్టణమున పన్ను విధించి వసూలు చేయునవి ఇవియే, పల్లెలలో పంచాయతీలు. ఇంటి వైశాల్యము, వీధి, కట్టడపు తీరు, వాడుక – వీనినిబట్టి పన్ను నిర్ణయింతురు. పట్టణములలో ఏప్రిల్, అక్టోబరు నెలలతో ఆరంభమగు రెండు అర్ధసంవత్సరములకు వేర్వేరుగా చెల్లింపవలెను. పట్టణములలో మొదటి నెలలోనే కట్టినవారికి నూటికి 5 వంతున, 5,000 రూపాయలకు మించకుండ, తగ్గింపు కలదు. ఆలస్యమైనచో వడ్డీ పడును. 1948నాటి చట్టము ననుసరించి గ్రంథాలయములకై వసూలగు సెస్సుకూడ దీనితోనే చేరియుండును.

ముఖ్యమైన మాట యొకటి. ఇల్లు మనదని రుజువు చేయుటకు పన్ను రసీదొక్కటియే చాలదు. తాతగారు గతించినను వారి పేరనే ఏండ్ల తరబడి పన్ను కట్టు కుటుంబములు కలవు. కట్టుచున్నాము గదా యని ఊరకుండరాదు. ఇల్లు అమ్మునపుడో, పంచుకొనునపుడో చిక్కులు వచ్చును. మరణ ధ్రువపత్రము, వారసుల ధ్రువపత్రము, దస్తావేజుల నకళ్లు చూపి పేరు మార్పించుకొనవలెను. అయినను ఆ మార్పు హక్కు నీయదు. హక్కు దస్తావేజువలననో, వారసత్వమువలననో సంక్రమించును.

కావున విద్యార్థులారా! నేడే రసీదు తీసి, అందెవరి పేరున్నదో చదివి పెద్దలకు వినిపింపుడు.