కాపాడు చేతులను కాపాడుకొనుట

చేతులు కడుగుకొనుటచే పెక్కు వ్యాధులు తొలగునని నేడు బాలురకు సైతము తెలియును. కాని రోగుల ప్రాణములు నిలుపు నీ మంచి యలవాటే ఒకప్పుడు ఒక నర్సు చేతులకు ముప్పు తెచ్చెను.

1889లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్‌కిన్స్ వైద్యశాల ప్రారంభమయ్యెను. అందలి శస్త్రచికిత్సాగారమున కెరోలిన్ హాంప్టన్ ప్రధాన నర్సుగా పనిచేయుచుండెను. ఆ కాలమున సూక్ష్మజీవులను చంపుటకై మెర్క్యూరిక్ క్లోరైడు అను పాదరస లవణపు ద్రావణమును వాడుచుండిరి. అది ఆమెకు సరిపడలేదు. చేతులకును ముంజేతులకును చర్మవ్యాధి కలిగెను. ద్రావణమును విడిచినచో రోగికి కీడు. వాడినచో తనకు బాధ.

ఆమె కార్యదక్షత నెఱిగిన శస్త్రవైద్యుడు విలియం హాల్‌స్టెడ్ ఉపాయ మాలోచించి, గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీవారిచే పలుచని రబ్బరు తొడుగులు రెండు జతలు చేయించెను. అవి ఆమెకు చక్కగా ఉపకరించెను. క్రమముగా తక్కిన సహాయకులును వైద్యులును వానిని ధరింపసాగిరి. నర్సు చేతులకై పుట్టిన తొడుగు రోగులకును రక్షయయ్యెను. 1890లో వారిరువురు వివాహమాడిరి.

చర్మమునకు ఈ బాధ యేల కలుగును? చర్మపు పైపొర ఇటుకగోడ వంటిది. మృతకణములు ఇటుకలు, వాని నడుమనున్న కొవ్వు సున్నము. సబ్బు మురికితోపాటు ఈ కొవ్వును గూడ కొనిపోవును. వేడినీరు ఆ నష్టమును హెచ్చించును. అంతట లోని తేమ ఆవిరియై, చర్మము పొడిబాఱి, దురదపెట్టి, పగులును. పగుళ్లలో సూక్ష్మజీవులు చేరును. అంట్లు తోమువారికిని, బట్టలుతుకువారికిని ఇది తెలిసిన బాధయే. 2020లో కోవిడ్ వ్యాపించినపుడు వైద్యశాలల సిబ్బంది యనేకులు దీని ననుభవించిరి. శానిటైజరు పగిలిన చర్మముపై మంట పుట్టించును. అయినను గ్లిజరిను కలిసినది సబ్బుకంటె చర్మమునకు తక్కువ హాని చేయును. మురికి కంటికి కనబడునపుడు మాత్రము సబ్బునీరే వాడవలెను.

దీనికి విరుగుడు చేతులు కడుగుట మానుట కాదు. చల్లని లేక గోరువెచ్చని నీటితో 20 సెకన్లు కడిగి, వేళ్ల సందులలో సబ్బు మిగులకుండ జూచి, మెత్తని గుడ్డతో రుద్దక అద్దవలెను. తడి పూర్తిగా ఆరకమునుపే వాసెలిను వంటి లేపనము పూయవలెను. పుండ్లు పడినచో వైద్యునికి చూపవలెను.

రోగి క్షేమ మెంత ముఖ్యమో, సేవచేయు చేతుల క్షేమమును అంత ముఖ్యము. ఒక్క నర్సు బాధను తేలికగా త్రోసివేయనందుననే లోకమునకంతటికి మేలు కలిగెను.

ప్రశ్నలు
1. రబ్బరు తొడుగులు ఎవరికొఱకు, ఏల చేయబడెను?
2. చర్మపు పైపొరను ఇటుకగోడతో ఏల పోల్చిరి?
3. చేతులు కడిగిన పిదప చేయవలసిన పనులను తెలుపుడు.