చపాటా మిర్చితో హంగేరీ కూర

ప్రశ్న: హంగేరీ గూలాష్ ఇంట్లో వండాలనుంది. పాప్రికా దొరకలేదు. మామూలు కారం వేయొచ్చా?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మామూలు కారం వద్దండీ, ఘాటెక్కుతుంది. మన వరంగల్ చపాటా మిర్చి ఉందిగా! రంగు ఎక్కువ, కారం తక్కువ. 2025లో జీఐ గుర్తింపు కూడా దక్కింది. గింజలు తీసి పొడి కొట్టుకోండి. అరకిలో పెద్దకూరకు పావుకిలో ఉల్లిపాయలు సన్నగా తరిగి, నూనెలో చిన్న మంట మీద మెత్తగా మగ్గనివ్వండి. గిన్నె దించాకే రెండు చెంచాల పొడి కలపండి. మంట మీద వేస్తే మాడి చేదెక్కుతుంది. వెంటనే ముక్కలు, ఉప్పు, వెల్లుల్లి, కాసిన్ని నీళ్లు వేసి, మూతపెట్టి రెండు గంటలు సన్నసెగన ఉడికించండి. ఉల్లి కరిగి పులుసు దానంతటదే చిక్కబడుతుంది, మైదా అక్కర్లేదు. అన్నంలోకీ రొట్టెలోకీ ఎంతో బాగుంటుంది. తప్పకుండా వండండి.