ఎనిమిది పేజీల ఆస్తి

హాస్టల్ విద్యార్థులకు బ్రూస్ లీని పరిచయం చేయనక్కర లేదు. గది గోడకు పోస్టరు, ట్రంకు పెట్టె మూత లోపల స్టిక్కరు అందరం చూసినవే. ఆయన సొంత కాగితాల్లో ఏముందో, దాన్ని ఆయన కూతురు ఏం చేసిందో మాత్రం మనలో చాలామందికి తెలియదు.

బ్రూస్ లీ 1940లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తండ్రి లీ హోయ్ చుయెన్ హాంకాంగ్‌లో పేరున్న నాటక కళాకారుడు. ప్రదర్శనల కోసం అమెరికా వెళ్ళినప్పుడు పుట్టిన బిడ్డ ఇతడు. అంటే బ్రూస్ కూడా ఒక కళాకారుడి వారసుడే.

1971 ప్రాంతంలో ఆయన అమెరికా టెలివిజన్ కోసం ఎనిమిది పేజీల కథ రాశాడు. 1870లలో చైనా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో చేరిన ఒక యువకుడి కథ అది. చైనావాడు హీరో అయితే అమెరికన్లు చూడరేమోనని అక్కడి వారి భయం. ఎవరూ తీయలేదు. 1972లో 'కుంగ్ ఫూ' అనే సీరియల్ వచ్చింది. అందులో సగం చైనా రక్తమున్న సన్యాసి వేషం తెల్లజాతి నటుడు డేవిడ్ కరాడైన్ వేశాడు. మిత్రులారా, ముఖం చూసి పక్కన పెట్టడం అంటే ఏమిటో మనకు ఒకరు వివరించనక్కర లేదు కదా! బ్రూస్ హాంకాంగ్ సినిమాలతోనే హీరో అయ్యాడు. 1973 జూలై 20న, 32 ఏళ్ళకే చనిపోయాడు. 'ఎంటర్ ది డ్రాగన్' అమెరికాలో విడుదలైంది ఆ తర్వాతి నెలలో.

అప్పటికి కూతురు షానన్ వయసు నాలుగేళ్ళు. 1993లో అన్న బ్రాండన్ కూడా షూటింగులో తుపాకీ ప్రమాదం వల్ల మరణించాడు. ఆనాటికి షానన్‌కు 23 ఏళ్ళు. ఈ వ్యాసం రాస్తున్న నా వయసూ అంతే. అందుకే ఆ సంవత్సరం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఆమె సంగీతం చదివింది, కొన్ని సినిమాల్లో నటించింది. నటిగా పెద్ద పేరు రాలేదు. తండ్రిలా తన్నులు తన్ని చూపించడం కంటే ఆయన రాసి పెట్టినదాన్ని కాపాడటమే ఆమె చేసిన అసలు పని అని నా అభిప్రాయం. దర్శకుడు జస్టిన్ లిన్ తోడయ్యాక, ఆ ఎనిమిది పేజీల ఆధారంగా 2019లో 'వారియర్' సీరియల్ వచ్చింది. ఆమె నిర్మాతల్లో ఒకరు. హీరో ఆండ్రూ కోజీ తండ్రి జపాన్ దేశస్థుడు. 2023 వరకు మూడు భాగాలుగా 30 ఎపిసోడ్లు నడిచింది. చైనా కూలీల మీద ద్వేషం, వారి రాకను నిషేధించిన 1882 నాటి చట్టానికి దారితీసిన రోజులు అందులో కనిపిస్తాయి. కొట్లాటలు కూడా బాగానే ఉంటాయి, తమ్ముళ్ళు నిరాశపడరు.

ఇక సేవ. 2002లో ఏర్పడిన బ్రూస్ లీ ఫౌండేషన్ పిల్లల కోసం 'క్యాంప్ బ్రూస్ లీ' పేరుతో శిబిరాలు నడిపింది. ఒంటికి కసరత్తుతో పాటు మనసును నిలుపుకోవడం నేర్పడం వాటి ఉద్దేశం.

అన్నీ మెచ్చుకోదగినవే అనను. 2013లో ఒక విస్కీ ప్రకటనలో కంప్యూటర్‌తో బ్రూస్ లీని సృష్టించి చూపారు. ఆయనకు మద్యం అలవాటు లేదని అభిమానులు కోపగించారు. ఆ ప్రకటనకు షానన్ సహకరించింది. నాకూ అది నచ్చలేదు.

మా నాన్నకు సంతకం రాదు, మా ఇంట్లో ఆయన రాసిన కాగితం ఒక్కటీ లేదు. ఆయన పాడే కోతపాటలు మాత్రం ఉన్నాయి. ఈ సంక్రాంతి సెలవుల్లో ఒక నోటుబుక్కు కొని పదకొండు పాటలు రాసుకున్నాను. ఇంకా ఉన్నాయంటున్నాడు.