పిల్లుల్ని ప్రేమించేవాళ్ళ తగువులు: ఒక పశువైద్యుడి అనుభవ పాఠాలు

నా ఉద్యోగమంతా పశువైద్యశాలల్లోనే గడిచింది. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కలే ఎక్కువ కాలం పనిచేశాను. గేదెలకూ, ఆవులకూ, గొర్రెలకూ వైద్యం చేయమని ప్రభుత్వం జీతమిచ్చింది. పిల్లులు మాత్రం కూరగాయల సంచుల్లో, మూత కట్టిన బుట్టల్లో, ఎవరో ఒకరి చేతుల్లో వచ్చేవి. రిటైరయ్యాక అవే ఎక్కువయ్యాయి. ఇప్పుడు ఈ మూడు ఊళ్ళలోనూ జంతువుల కోసం తిరిగే కుర్రవాళ్ళు, ఆడపిల్లలు చాలామంది తయారయ్యారు. నాకు ఎంతో సంతోషం. కానీ వాళ్ళలో వాళ్ళకే పడడం లేదు. రోజూ తిండి పెట్టాలని ఒకరు, పెట్టబట్టే పెరుగుతున్నాయని ఇంకొకరు, పట్టి ఊరవతల వదిలెయ్యమని వేరొకరు, పిట్టల సంగతి ఎవరికీ పట్టదా అని మరొకరు. అందరూ నా దగ్గరికే వస్తారు. వాళ్ళకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

1. పోట్లాడేది దయ ఉన్నవాళ్ళే

దయ లేనివాడు పిల్లి గురించి ఎవరితోనూ వాదించడు. సందు చివర చేప తలకాయలు పెట్టే పెద్దావిడ, ఆ పిల్లులు పెరట్లో ఉడతల్ని బతకనివ్వడం లేదని బాధపడే మాస్టారు, ఇద్దరూ ప్రాణం విలువ తెలిసినవాళ్ళే. ఆవిడ పిల్లి ఆకలి చూస్తుంది. ఆయన పిచ్చుక గూడు చూస్తాడు. ఒకరినొకరు కసాయి అనుకున్న రోజున పని ఆగిపోతుంది.

ఈ తగువు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో 1990లో పుట్టిన అల్లీ క్యాట్ అలైస్ అనే సంస్థ వీధి పిల్లుల్ని పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, పట్టిన చోటే వదలాలంటుంది. పక్షుల కోసం పనిచేసే అమెరికన్ బర్డ్ కన్సర్వెన్సీ అలా వదలడమే తప్పంటుంది. అక్కడ పిల్లుల వల్ల ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల దాకా పక్షులు చస్తున్నాయని 2013లో ఒక అధ్యయనం అంచనా వేస్తే, పిల్లుల పక్షం వాళ్ళు ఆ లెక్క కట్టిన తీరునే తప్పుపట్టారు. జంతువుల హక్కుల కోసం పోరాడే పెటా కూడా పిల్లుల్ని తిరిగి వీధిలో వదలడానికి అన్ని చోట్లా ఒప్పుకోదు. ఇటలీ 1991లోనే చట్టం చేసి వీధి పిల్లులకు రక్షణ కల్పించింది. ఆస్ట్రేలియా 2015లో, ఐదేళ్ళలో 20 లక్షల పిల్లుల్ని చంపాలని లక్ష్యం పెట్టుకుంది. అక్కడి చిన్న జంతువులు పిల్లి అన్నదే ఎరగని నేల మీద పుట్టి పెరిగాయి. మన పొలాల్లో పెంపుడు పిల్లి రాకముందే అడవిపిల్లి తిరిగేది. కాబట్టి ఏ దేశం తీర్పునో తెచ్చి తెనాలి మారిసుపేటలో అమలు చేయబోకండి.

2. ముందు ఆడ పిల్లుల సంగతి చూడండి

నేను చెప్పేవాటిలో గట్టిగా పట్టుకోవలసింది ఇదే.

ఆడ పిల్లి నాలుగైదు నెలల వయసుకే ఎదకు రావచ్చు. చూలు 63 నుంచి 65 రోజులు. ఈతకు మూడో, నాలుగో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో పిల్లలు. పాలిస్తూనే మళ్ళీ చూలు కట్టగలదు. ఏడాదికి రెండు మూడు ఈతలు. వీధిలో పది మగ పిల్లులుంటే తొమ్మిదింటికి ఆపరేషన్ చేయించినా, మిగిలిన ఒక్క గండుపిల్లి చాలు, ఆ వీధిలో ఆడవాటన్నిటికీ. అందుకని చేతిలో డబ్బు కొంచెమే ఉంటే ఆడ పిల్లుల మీద పెట్టండి. మగవాటికి చేయిస్తే కొట్లాటలు, రాత్రిపూట అరుపులు, గోడల మీద కంపు తగ్గుతాయి. అదీ మంచిదే, కానీ సంఖ్య తగ్గేది ఆడవాటితోనే.

"ఆపరేషన్ పాపం కదండీ డాక్టరు గారూ, దానికి బిడ్డల్ని కనే హక్కు లేదా" అని చాలామంది అడుగుతారు. అడిగేది మంచి మనసుతోనే. వాళ్ళను వానాకాలంలో ఒక రైసుమిల్లు వెనక్కి తీసుకెళ్ళి చూపించాలనిపిస్తుంది. వీధిలో పుట్టిన పిల్లి కూనల్లో సగానికి పైగా పెద్దవి కాకుండానే పోతాయి. కళ్ళు పుసి కట్టి, విరేచనాలు పట్టి, లారీ కింద పడి, కుక్క నోట పడి. తల్లి వాటి చుట్టూ తిరుగుతూ అరుస్తుంది. ఆ అరుపు విన్నవాళ్ళెవరూ ఆపరేషన్‌ను పాపమనరు.

చూలుతో ఉన్న పిల్లిని తెస్తే ఏం చేయాలన్న దగ్గర మాత్రం మంచి స్నేహితులే విడిపోవడం చూశాను. కడుపులో ఉన్నవాటిని తీసేయడం భ్రూణహత్య అంటారు కొందరు. అవి పుట్టి చచ్చేకన్నా ఇదే నయమంటారు కొందరు. నేను పాటించే పద్ధతి చెబుతాను. చూలు తొలిరోజుల్లో ఉంటే ఆపరేషన్ చేస్తాను. నెలలు నిండాయనిపిస్తే, ఎవరైనా ఒక గదిలో ఉంచి కననిస్తామంటే, కననిచ్చి, పిల్లలు పాలు మరిచాక తల్లికి ఆపరేషన్ చేస్తాను. ఆ గది ఇచ్చేవాళ్ళు లేకుండా ఊరికే వాదించేవాళ్ళ మాట మీద నిర్ణయం తీసుకోను. పాలిచ్చే తల్లిని బోనులో పట్టినప్పుడు మాత్రం పొదుగు చూడడం మరవకండి. కూనలు ఎక్కడో ఆకలితో ఉంటాయి.

3. ఊరవతల వదలడం దయ కాదు

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. ఆ ఏడిళ్ళూ దానికి తెలిసిన ఇళ్ళే. తెలియని చోట దాన్ని దింపితే చాలాసార్లు రెండిట్లో ఒకటి జరుగుతుంది. పాత చోటికి తిరిగి రావాలని రోడ్డు వెంట నడిచి మధ్యలో చస్తుంది, లేదంటే అక్కడున్న పిల్లులు తరిమితే తిండి దొరక్క చస్తుంది. ఇక్కడ ఖాళీ అయిన జాగాలోకి పక్క వీధి పిల్లులు వచ్చి చేరతాయి. తెనాలి పిల్లుల్ని సంచిలో వేసుకుని రేపల్లె పాసింజర్ ఎక్కి ఏ భట్టిప్రోలు దగ్గరో వదిలేవాళ్ళు బరువు దించుకున్నామనుకుంటారు. ఆకలితో చచ్చేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

కుక్కల విషయంలో మన దేశం ఈ పాఠం చాలా ఖరీదుగా నేర్చుకుంది. మద్రాసులో బ్లూక్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థ వాళ్ళు వీధికుక్కల్ని చంపడం మాని ఆపరేషన్లు చేద్దామని 1964 నుంచి చెబుతూ వచ్చారు. అక్కడి కార్పొరేషన్ ఒప్పుకునేసరికి 1996 వచ్చింది. అన్నేళ్ళు చంపినా కుక్కలు తగ్గలేదు. 2001లో దేశమంతటికీ కుక్కల జనన నియంత్రణ నియమాలు వచ్చాయి, 2023 మార్చిలో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. ఆపరేషన్, టీకా, పట్టిన చోటే వదలడం అన్నది వాటి సారం. 2025లో సుప్రీంకోర్టులోనూ ఇదే తగువు నడిచింది. ఢిల్లీ చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని ఆగస్టు 11న ఒక ధర్మాసనం చెప్పింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని మార్చి, రేబిస్ ఉన్నవీ మీద పడి కరిచేవీ తప్ప మిగతావాటిని ఆపరేషన్, టీకా చేసి పట్టిన చోటే వదలమంది. నవంబరు 7న మళ్ళీ బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల పట్టిన కుక్కల్ని మాత్రం అక్కడ తిరిగి వదలొద్దంది. కుక్క కరిచిన పసివాడి తల్లినీ, కుక్కల కోసం కోర్టుకెక్కిన మనిషినీ ఒకే గదిలో కూర్చోబెట్టి తీర్పు చెప్పడం అంత కష్టం. పిల్లి కరిచే ప్రమాదం కుక్కంత ఉండదు కాబట్టి మన తగువు తేలిగ్గానే తెమలాలి.

4. తిండి పెట్టండి, పెట్టిన చోటు కడగండి

రోజూ ఒకే వేళకు, ఒకే చోట, తినేంత మాత్రమే పెట్టండి. పావుగంట ఆగి మిగిలింది తీసేయండి. మిగిలిన కూడు పందికొక్కుల్ని, కాకుల్ని, కుక్కల్ని పిలుస్తుంది, దానితో ఇరుగుపొరుగు తగువు మొదలవుతుంది. పిల్లలు ఆడుకునే చోట, మెట్ల దగ్గర, వాకిళ్ళ ముందు పెట్టొద్దని 2023 నియమాలు కూడా చెబుతున్నాయి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి ఆవు పాలు, గేదె పాలు అరగవు, నీళ్ళ గిన్నె పెడితే చాలు. జ్వరమని పారాసిటమాల్ బిళ్ళ నలిపి వేయకండి, ఒక్క బిళ్ళ పిల్లి ప్రాణం తీస్తుంది.

ఎలుకల కోసం పిల్లుల్ని ఉంచుకున్నాం, తిండి పెడితే వేట మానతాయని మిల్లుల వాళ్ళంటారు. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ అందరికీ తెలుసు కదా, పాలు చూస్తేనే పారిపోయేలా దాన్ని తయారుచేశాడు. నిజం పిల్లి స్వభావాన్ని అలా మార్చలేం. కడుపు నిండినా వేటాడడం దాని స్వభావం. పిచ్చుకల కోసం దిగులుపడే మాస్టారు చెప్పేదీ ఇదే, ఆయన మాట తప్పు కాదు. తిండి పెట్టినంత మాత్రాన పిట్టలు బతికిపోవు. పిల్లుల సంఖ్య తగ్గితేనే బతుకుతాయి.

5. రేపల్లె దాటి మడ అడవి దాకా వెళితే లెక్క మారుతుంది

తెనాలి సందులో సరైనది లంకెవానిదిబ్బ దగ్గర సరైనది కాదు. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట మడ అడవులున్నాయి. ఆ మడల్లో నీళ్ళలో దిగి చేపలు పట్టే బావురుపిల్లి ఉంది. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువు అది, పులితో సమానమైన రక్షణ. చెరువుల్లో చేపలు ఎత్తుకుపోతోందని దాన్ని కొట్టి చంపినవాళ్ళున్నారు. ఇప్పుడు ఊరి పిల్లులు, ఊరి కుక్కలు ఆ అంచుకు చేరుతున్నాయి. ఊరి పిల్లి నుంచి అడవి పిల్లులకు అంటుకునే జబ్బులున్నాయి. 2018లో గిర్ అడవిలో సింహాల ప్రాణాలు తీసిన డిస్టెంపర్ వైరస్ కుక్కల జబ్బే.

బాపట్ల సూర్యలంక వైపు ఇంకో కథ. చలికాలం చివర నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డుకొచ్చి, ఒక్కొక్కటీ సుమారు వంద గుడ్లు ఇసుకలో పెట్టి పోతాయి. కుక్కలు, నక్కలు తవ్వి తినేస్తాయి. అటవీశాఖ వాళ్ళు గుడ్లు ఏరి, కంచె వేసిన హేచరీల్లో పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతున్నారు. ఆ పనిలో రాత్రుళ్ళు ఇసుకలో నడిచే కుర్రాడికి తీరంలో కుక్కలకు బిస్కెట్లు పెట్టేవాళ్ళను చూస్తే కడుపు మండుతుంది. పెట్టే అమ్మాయికి ఆ కుర్రాడు రాతిగుండెవాడిలా కనబడతాడు. ఇక్కడ నేను కుర్రాడి పక్షమే. కుక్క తిండి కోసం ఇంకో చోట చూసుకోగలదు, తాబేలుకు గుడ్లు పెట్టడానికి ఇసుక తీరం తప్ప ఇంకో చోటు లేదు. తీరంలో తిండి పెట్టడం మానేసి, అక్కడి కుక్కలన్నిటికీ ఆపరేషన్ చేయించి, టీకా వేయించి, తిండి ఊరి లోపలికి మార్చాలి. మడ అడవి అంచు పల్లెల్లో పిల్లి కూనల్ని రెండు నెలల లోపు పట్టి ఇళ్ళకు ఇప్పించాలి. ఆ వయసులో పట్టుకుంటే మచ్చికవుతాయి, దాటితే కష్టం.

6. రక్కినా, కరిచినా సబ్బు, టీకా

పిల్లి వల్ల కూడా రేబిస్ వస్తుంది. గాయాన్ని కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. పసుపు, కారం, సున్నం పూయకండి. పిల్లుల్ని పట్టేవాళ్ళు ముందుగానే టీకా వేయించుకోండి.

7. విషం పెట్టేవాడితో వాదించకండి

పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను కింద జంతువును చంపినా, అవిటిది చేసినా ఐదేళ్ళ దాకా జైలు. 1960 చట్టంలో తొలి నేరానికి జరిమానా పది నుంచి యాభై రూపాయలే, అందుకే ఫిర్యాదులో 325వ సెక్షను రాయించండి. చచ్చిన పిల్లిని పాతిపెట్టకముందే పశువైద్యుడి చేత పోస్టుమార్టం చేయించండి. కాగితం లేకపోతే కేసు నిలవదు.

8. తిండి పెట్టే చేయి లేకుండా బోను పనిచేయదు

వీధి పిల్లి కొత్త మనిషి పెట్టిన బోనులోకి అంత తేలిగ్గా రాదు. రోజూ తిండి పెట్టే పెద్దావిడ ఆ బోనులో గిన్నె పెడితే వస్తుంది. ఏ పిల్లి ఆడది, ఏది చూలుతో ఉంది, ఏది నిన్నటి నుంచి కనబడలేదు, ఆవిడకే తెలుసు. ఆపరేషన్ మాట ఎత్తితే ఆవిడ భయపడుతుంది, తన పిల్లుల్ని తీసుకెళ్ళి చంపుతారేమోనని. ఆవిడ ఇంటికి బోనుతో వెళ్ళకండి. ముందు ఒకసారి ఖాళీ చేతులతో వెళ్ళి, కూర్చుని, పిల్లుల పేర్లు అడగండి. మొదటి పిల్లికి కుట్లు మానాక ఆవిడ దగ్గరికే తెచ్చి వదలండి. ఆ తరువాత మిగతావాటిని ఆవిడే పట్టి ఇస్తుంది. ఆపరేషన్ అయినదానికి ఎడమ చెవి కొస కత్తిరిస్తే దాన్ని మళ్ళీ పట్టే పని ఉండదు, దానికి మళ్ళీ మత్తూ కోతా తప్పుతాయి.

పిట్టల మాస్టారిని కూడా ఈ పనిలోకి పిలవండి. వీధిలో ఎన్ని పిల్లులున్నాయో, ఎన్నింటికి చెవి కత్తిరించి ఉందో నెలకోసారి లెక్క రాయమని ఆయన్నే అడగండి. నమ్మకం లేనివాడు రాసే లెక్కే అందరూ నమ్మదగినది.

ఇక నా విన్నపం. తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. రెండు జిల్లాల్లోనూ జంతు హింస నివారణ సంఘం ఉండాలి, ఆ సంఘాల గురించి 2001లో వేరుగా వచ్చిన నియమాలు చెప్పేది అదే. మీ కలెక్టరు కార్యాలయానికి అందరూ కలిసి ఒకే అర్జీతో వెళ్ళండి. కుక్కలకు ఆపరేషన్లు జరిగే చోట వారానికి ఒక్క రోజు పిల్లులకు కేటాయించమని, మునిసిపాలిటీకి నాలుగు బోన్లు కొనిపెట్టమని అడగండి. తిండి పెట్టేవాళ్ళు, పిట్టల వాళ్ళు, తాబేళ్ళ వాళ్ళు అందరి సంతకాలూ ఆ ఒక్క కాగితం మీదే ఉండాలి.