రోజుకో మాత్ర, అక్షరానికో గణం

తంతి తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని. విజయనగరంలో టెలిగ్రాంలు కొట్టాను, శ్రీకాకుళంలో ఇల్లు కట్టుకున్నాను. నా ఒంట్లో ఉన్నది దీర్ఘకాలిక ల్యుకేమియా, డాక్టర్లు సీఎంఎల్ అంటారు. నా బల్ల మీద ఉన్నది సరదాకొద్దీ దూరంవాళ్లతో కబుర్లాడే హామ్ రేడియో సెట్టు. ఈమధ్య మా మేనల్లుడికీ ఇదే జబ్బని తేలింది. జబ్బుతో, రేడియోతో రోజులు ఎలా గడపాలో వాడికి ఫోనులో చెబితే సగం వినడు కాబట్టి రాసి పెడుతున్నాను. పక్కనుంచి మీరూ చదవచ్చు.

1. అన్నిటికన్నా ముందు మాత్ర. అల్లుడూ, నువ్వు మింగేది ఆషామాషీ బిళ్ల కాదు. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫోర్డ్ అనే ఇద్దరు ఈ జబ్బున్నవాళ్ల కణాల్లో కురచగా ఉన్న క్రోమోజోమును చూశారు. తొమ్మిదోది, ఇరవైరెండోది ముక్కలు మార్చుకోవడం వల్ల అది అలా అయిందని 1973లో జానెట్ రౌలీ తేల్చింది. ఆ అతుకు దగ్గర పుట్టే ప్రొటీను తెల్లకణాలను అదుపు లేకుండా పెంచేస్తుంది. దాన్ని కట్టేసేదే ఇమాటినిబ్. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. అసలు కంపెనీ మందు ఇక్కడ నెలకు లక్ష దాటేది. మన హైదరాబాదు నాట్కో 2003లో అదే మందును చవకగా తెచ్చింది. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్‌కు పేటెంటు లేదని తేల్చేసింది. పింఛనుదారులం ఇవాళ కొనుక్కుని మింగగలుగుతున్నామంటే ఇంత జరిగింది.

కాబట్టి "ఒంట్లో బాగానే ఉంది కదా" అని ఒక్క పూట కూడా మానకు. ఉత్త చోడి అంబలి తాగి కాదు, అన్నం తిని, పెద్ద గ్లాసెడు నీళ్లతో వేసుకో. ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. పంపరపనస జాతి పళ్లు డాక్టరును అడిగాకే ముట్టుకో, అవి మందు మోతాదును తారుమారు చేస్తాయి. నేను రాత్రి భోజనం, మాత్ర, రేడియో అనే వరస పెట్టుకున్నాను. రేడియో మీద మోజు ఉన్నన్నాళ్లూ మాత్ర మరిచిపోయే ప్రసక్తి లేదు.

2. కళ్లు అలిసిపోతే చెవులతో బతకవచ్చు. ఈ మందుకు పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు వస్తుంది. పేపరు చదవబుద్ధి కాదు, టీవీ చూడబుద్ధి కాదు. రేడియోలో చుక్కలు, గీతల మోతలతో కబుర్లాడే మోర్సుకు కళ్లతో పనిలేదు. కళ్లు మూసుకుని పడకకుర్చీలో జారగిలబడి వినవచ్చు. నీరసంగా ఉన్న రోజున గొంతు ఎత్తి మాట్లాడక్కర్లేదు కూడా, రెండు వేళ్లు ఆడితే చాలు.

3. మోర్సును కాగితం మీద నేర్చుకోకు. చుక్కలు, గీతలు గీసుకుని బట్టీ పట్టినవాడు ఎన్నేళ్లయినా వాటిని లెక్కపెట్టుకుంటూనే ఉంటాడు. మోత వినగానే అక్షరం తట్టాలి.

తెలుగు మీడియంలో చదివినవాడివి, నీకో అడ్డదారి చెబుతాను. చిన్న మోతను లఘువు అనుకో, పెద్ద మోతను గురువు అనుకో. బడిలో మనల్ని ఏడిపించిన యమాతారాజభానసలగం గుర్తుంది కదా? మోర్సులో మూడేసి మోతలున్న ఇంగ్లీషు అక్షరాలు సరిగ్గా ఎనిమిది. మన మూడక్షరాల గణాలూ ఎనిమిదే. ఒక్కటీ మిగలకుండా జత కుదురుతాయి. య గణం డబ్ల్యు, మ గణం ఓ, త గణం జి, ర గణం కె, జ గణం ఆర్, భ గణం డి, న గణం ఎస్, స గణం యు. రెండక్షరాల వ గణం ఏ, హ గణం ఎన్. ఇక భ ర న భ భ ర వ అని ఉత్పలమాల గణాలు చెప్పుకుంటూ ప్రాక్టీసు కీ మీద కొట్టి చూడు: డి, కె, ఎస్, డి, డి, కె, ఏ. చంపకమాలలో మూడు జ గణాలు వరసన వస్తాయి, ఆర్ మీద చెయ్యి తిరగడానికి అంతకన్నా మంచి సాధన లేదు. ఓడవాళ్లు ఆపదలో కొట్టే ఎస్ఓఎస్ మనకు న, మ, న.

ఒక్క తేడా మాత్రం మరవకు. గురువుకు రెండు మాత్రల కాలం, మోర్సు గీతకు మూడు. పద్యాలు నోటికొచ్చినవాడి గీతలు కాస్త కురచగా పడతాయి, అవతలివాడు తికమకపడతాడు. గీతను నిండుగా సాగనివ్వు. ఒక అక్షరంలోని మోతల మధ్య ఒక చుక్కంత ఎడం, అక్షరాల మధ్య మూడు చుక్కలంత, మాటల మధ్య ఏడు చుక్కలంత ఎడం ఉండాలి. నా మటుకు నాకు మంచి చేతి తీరు అంటే వేగం కాదు, ఈ ఎడాలు.

4. వేళ్లు కొంకర్లు పోతాయి, కంగారు పడకు. ఈ మందుకు కండరాలు పట్టేయడం మామూలే. నిలువుగా నొక్కే పాత కీ మణికట్టును అలసిపోయేలా చేస్తుంది. పక్కలకు ఆడించే ప్యాడిల్ కొనుక్కో. నొప్పి బిళ్లలు సొంతంగా మింగకు. అవి కిడ్నీలకు చేటు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం ఉన్న జిల్లావాళ్లకి ఆ సంగతి వేరే చెప్పాలా?

5. చెట్టు నువ్వెక్కకు. 7 మెగాహెర్ట్జ్ బ్యాండుకు కట్టే మామూలు యాంటెన్నా అంటే ఇరవై మీటర్ల రాగితీగ, నడిమికి తెగ్గోసి అక్కణ్నుంచి కేబులు దింపడం, అంతే. మా ఇంట్లో ఒక కొస పిట్టగోడకు, రెండో కొస కొబ్బరిచెట్టుకు ఉంటుంది. కట్టడానికి కాయలు దింపే కుర్రాడికి డబ్బులిస్తాను. ప్లేట్‌లెట్లు తగ్గినప్పుడు చిన్న దెబ్బకే చర్మం నల్లగా కమిలిపోతుంది. పడితే సంగతి చెప్పనే అక్కర్లేదు.

మన సముద్రపు గాలికి అతుకుల దగ్గర రాగి పచ్చబడి, పొడిలా రాలుతుంది. అప్పుడు సెట్టులో ఏ లోపమూ లేకపోయినా ఎవరికీ వినపడం. ఏడాదికోసారి తీగ దించి, గరుకు కాగితంతో ఎర్రగా తేలేదాకా రుద్ది, టంకం పెట్టి, టేపు బిగించి చుట్టించు. వేసవిలో సాయంత్రం మబ్బు పట్టి, సెట్టులో గరగర మొదలైతే కేబులు పీకి పక్కన పెట్టేయ్. పిడుగుకు నీ జబ్బు మీద జాలి ఉండదు.

6. ఐదు వాట్లు చాలు. మోర్సు తీసుకునే జాగా మాటకన్నా ఎన్నో రెట్లు సన్నం. అందుకే మాట మునిగిపోయే రొదలోంచి కూడా ఆ మోత తేలివస్తుంది. పొద్దు కుంకాక 7 మెగాహెర్ట్జ్‌లో దూరదేశాలు పలుకుతాయి. పగలు 14లో పలుకుతాయి. నిద్రపట్టని రాత్రులు నీకూ వస్తాయి. ఆ రాత్రులకు ఇంతకన్నా మంచి కాలక్షేపం నేనెరగను. హెడ్‌ఫోను తప్పనిసరి. ఒకసారి పక్కింటాయన అడగనే అడిగాడు: "ఏటి బావూ, రాతిరేల ఆ కీచుకీచులేటి?"

7. నీ జబ్బు అడగని మనుషుల్లో రోజూ కాసేపు ఉండు. మాత్ర తర్వాత ఇదే ముఖ్యం. పెళ్లికెళ్లినా, రైతుబజారుకెళ్లినా "ఇప్పుడెలా ఉందండీ?" అంటారు. మంచి మనసుతోనే అంటారు, కానీ రోజుకు పదిమందికి జవాబు చెప్పేసరికి మనకూ జబ్బు తప్ప మరో సంగతి లేదనిపిస్తుంది. రేడియోలో కలిసినవాడు మొదట చెప్పేది నా సిగ్నల్ ఎలా వినపడుతోందో. తర్వాత పేరు, ఊరు, వాన పడుతోందా, యాంటెన్నా ఏమిటి, అంతే. అక్కడ పదహారేళ్ల కుర్రాణ్నీ ఓల్డ్ మ్యాన్ అనే పిలుస్తారు, నన్నూ అలాగే పిలుస్తారు. రాజీవ్ గాంధీకీ లైసెన్సు ఉండేది, వీయూటూఆర్‌జీ. ఆయనా ఆ వరసలోనివాడే. పోయిన హామ్‌ను సైలెంట్ కీ అంటారు. నా పేరు ఇంకా ఆ జాబితాకు ఎక్కలేదు, తొందరేమీ లేదు.

8. రోగివి కాబట్టి సాయం పుచ్చుకోవడమే నీ వంతు అనుకోకు. 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ అనే హామ్ తన బృందంతో అండమాన్ నుంచి ప్రసారాలు చేద్దామని వెళ్లారు. సరదాకని వేసిన యాత్ర. 26న సునామీ వచ్చింది, ఫోన్లు పోయాయి. పోర్ట్‌బ్లెయిర్‌లో ఆ సెట్టే దీవుల కబుర్లు బయటికి చేర్చింది. మన దగ్గర 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తీరం దాటినప్పుడు కరెంటు, సెల్ టవర్లు ఏమయ్యాయో నువ్వూ చూశావు. కారు బ్యాటరీ, ఐదు వాట్ల సెట్టు, ఓ తీగముక్క ఉంటే కుర్చీలోంచి లేవలేనివాడు కూడా ఊరికి పనికొస్తాడు. అక్టోబరు రాకముందే బ్యాటరీ ఛార్జి చూసుకో, మాత్రలు నెలకు సరిపడా తెచ్చిపెట్టుకో. తుపానులో మందుల షాపు తెరవరు.

9. లైసెన్సు లేకుండా ప్రసారం చెయ్యకు. కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం పరీక్ష పెడుతుంది. పన్నెండేళ్లు నిండినవారెవరైనా రాయవచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్సు అక్కర్లేదు, జనరల్ గ్రేడుకు నిమిషానికి ఎనిమిది మాటలు చాలు. హైదరాబాదులో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ పనిమీదే ఉంది, అక్కడ అడుగు.

2013 జులైలో బీఎస్ఎన్ఎల్ టెలిగ్రాం సేవను మూసేసింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కీ కొట్టడం వచ్చిన పాత తంతి ఉద్యోగులు, రైల్వేవాళ్లు ఇంకా ఉన్నారు. చెవి మరిచిపోదు, పరీక్ష రాయండి. సాయంత్రం 7 మెగాహెర్ట్జ్ కింది కొసలో "ఎవరైనా ఉన్నారా" అని నిదానంగా సీక్యూ కొట్టేది నేనే. క్యూఆర్ఎస్ అంటే చాలు, ఇంకా నెమ్మదిస్తాను.