దేహోష్ణము – అవయవముల పరస్పర సహాయము

విద్యార్థులారా, 1774 వ సంవత్సరమున లండను నగరమందు జరిగిన యొక పరీక్షను మొదట చెప్పెదము. ఛార్లెస్ బ్లాగ్డెన్ అను వైద్యుడును ఆయన మిత్రులును మిక్కిలి వేడి చేయబడిన యొక గదిలో ప్రవేశించిరి. అందలి పొడిగాలి నీరు మరగు వేడిమిని మించియుండెను. అచ్చట నుంచిన కోడిగ్రుడ్లు సుమారు ఇరువది నిమిషములలో గట్టిపడెను, మాంసము ఉడికెను. కాని యా మనుష్యులు కొన్ని నిమిషములుండి క్షేమముగా వెలుపలికి వచ్చిరి. వారి దేహోష్ణము ఇంచుమించు ఎప్పటివలెనే యుండెను. గ్రుడ్డునకు లేనిదియు మనుష్యునకు గలదియు నేమి?

ఆరోగ్యదశలో మన దేహోష్ణము సుమారు 98.6 ఫారన్‌హీటు డిగ్రీలు. పుష్యమాసపు చలిలోను, రోహిణీకార్తె యెండలోను ఇది మిగుల కొలదిగా మాత్రమే మారుచుండును. దేహములోపలి స్థితిని ఇట్లు నిలకడగా నుంచు ఏర్పాటునకు అమెరికా దేశీయుడైన వాల్టర్ కానన్ అను శాస్త్రజ్ఞుడు 1926 లో హోమియోస్టాసిస్ అని పేరిడెను. దీనినే మనము సమస్థితి యందము. ఇది యే యొక్క యవయవమో చేయు పని కాదు.

ఎండలో పరుగెత్తు బాలుని చూడుడు. వెలుపల సూర్యుని వేడిమి. లోపల పనిచేయు కండరముల వేడిమి. మెదడు నడిమి భాగమున హైపోథాలమస్ అను చిన్న భాగము కలదు. రక్తము వేడెక్కిన సంగతి దానికి వెంటనే తెలియును. దాని యాజ్ఞచే చర్మములోని రక్తనాళములు విప్పారును. గుండె వడిగా కొట్టుకొని, లోపలి వేడిరక్తమును చర్మమునకు పంపును. ముఖము ఎఱ్ఱబారుట ఇందువలననే. అంతట స్వేదగ్రంథులు చెమటను స్రవింపజేయును. మట్టికూజాలోని నీరు పైకి చెమ్మగిలి, ఆ చెమ్మ యారుటచే చల్లబడునట్లే, చెమట ఆవిరియగునప్పుడు దేహము చల్లబడును. ఒక లీటరు చెమట ఆవిరియై కొనిపోవు వేడిమితో మంచువలె చల్లనైన నీటిని ఐదు లీటర్లకు పైగా మరగింపవచ్చును!

అయితే ఆ చెమటకు నీరెక్కడిది? రక్తమునుండియే. నీరు తగ్గి రక్తములో లవణపు పాలు హెచ్చగానే మెదడు దానిని గుర్తించి, పిట్యూటరీ గ్రంథిద్వారా మూత్రపిండములకు వార్త నంపును. దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడకట్టి, అందు ఇంచుమించు ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రముగా విడుచు నవి, అప్పుడు మరింత పొదుపుచేయును. మూత్రపిండముల మీదనుండు ఎడ్రినల్ గ్రంథులు ఉప్పు వ్యర్థము కాకుండునట్లు చూచును. జీర్ణకోశము తన వంతు రక్తమును కొంత చర్మమునకు వదలుకొనును. యెండవేళ ఆకలియు మందగించును. ఇన్నిటితోబాటు మెదడు మనకును ఒక యాజ్ఞ చేయును. అదియే దప్పిక.

ఈ సహకారమునకు హద్దు కలదు. సముద్రతీరమున గాలి తేమగా నున్నప్పుడు చెమట కారునే గాని త్వరగా ఆరదు. ఆరని చెమట చల్లదన మియ్యదు. నీరు త్రాగక, విశ్రమింపక పాటుపడినచో, కండరములకును చర్మమునకును చాలినంత రక్తము లేక గుండె అలసిపోవును. దేహోష్ణము 104 డిగ్రీలు దాటి, మాట తడబడి, ఆజ్ఞలిచ్చు మెదడే కలతపడును. ఇదియే వడదెబ్బ. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో దీనిచే వేయిమందికి పైగా మరణించిరి. అట్టివానిని తక్షణమే నీడకు చేర్చి, దేహమంతయు నీటితో తడిపి, విసరుచు, ఆసుపత్రికి కొనిపోవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

కొన్నియేండ్ల క్రిందట మేము డ్రిల్లు చేయించుచుండగా ఒక బాలుడు వరుసలోనే సొమ్మసిల్లెను. దైవకృపచే కోలుకొనెను. దాహమైనదని యేల చెప్పలేదని యడుగగా, "మీరు కోపపడుదురేమో యనుకొంటినండీ" అనెను. ఆ మాట మేము మరువలేదు. వాని దేహము చేయవలసినదంతయు చేసెను. అడుగవలసిన మేమే అడుగమైతిమి. నాటినుండి మా డ్రిల్లు మైదానమున నీళ్లకడవ లేనిదే ఈల ఊదుట లేదు.

ఒకే శరీరమున అనేకావయవములు ఒకదాని నొకటి పోషించుటను పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో సంఘమునకు దృష్టాంతముగా జూపెను. పాఠశాలయు నట్టిదే. కావున బాలబాలికలారా, దప్పికగొన్నప్పుడు సిగ్గుపడక చెప్పుడు. తలిదండ్రులారా, ఉపాధ్యాయులారా, వారు చెప్పకముందే మన మడుగుదము.