కుక్కల ఆహారంలో చేపలు: ఉడికిస్తే పోయే ముప్పు, పోని ముప్పు

కడప, కర్నూలు జిల్లాల పల్లెల్లో కుక్కకు దొరికేది ఇంట్లో మిగిలిన సంగటి, అన్నం, కాస్త మజ్జిగ. గొర్రెల మందకు రాత్రంతా కాపలా ఉండే కుక్కకైనా ఇంతకంటె మెరుగైన ఆహారం అరుదు. రాగుల్లోనూ బియ్యంలోనూ మాంసకృత్తులు నూటికి 7 పాళ్ళ దరిదాపుల్లోనే ఉంటాయి. చేప మాంసంలో అవి 16 నుంచి 19 పాళ్ళ వరకు ఉండి తేలికగా జీర్ణమవుతాయి. అందువల్ల మైలవరం, గండికోట జలాశయాల చుట్టుపక్కల, సోమశిల వెనుక నీరు నిలిచే గ్రామాల్లో, కర్నూలు-కడప కాలువ పరిసరాల్లో కుక్కకు నాలుగు చేప ముక్కలు వేయడం మంచి అలవాటే. దీనిపై రైతులకు అందే సలహా మాత్రం సాధారణంగా ఒక్క మాటతో ముగుస్తుంది: ఉడికించి పెట్టండి. ఆ సలహా సరైనదే కాని అసంపూర్ణం. చేప వల్ల కలిగే ముప్పుల్లో కొన్ని వేడికి నశిస్తాయి. కొన్ని ఎంత ఉడికించినా అలాగే ఉంటాయి.

వేడికి నశించే వాటిలో మొదటిది థయామినేజ్ అనే ఎంజైము. ఇది థయామిన్‌ను, అనగా విటమిన్ బి1ను, విచ్ఛిన్నం చేస్తుంది. 1930 దశకంలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో బొచ్చు కోసం పెంచే నక్కలకు పచ్చి కార్ప్ చేపలు మేపగా అవి కాళ్ళు పడిపోయి మరణించాయి. ఛాస్టెక్ పక్షవాతంగా పేరుపడిన ఆ వ్యాధిపై జరిగిన పరిశోధనల వల్లనే ఈ ఎంజైము ఉనికి తెలియవచ్చింది. బంగారు తీగ చేప ఆ కార్ప్ జాతిదే. మన చెరువుల్లో పెంచే బొచ్చె, రాగండి, ఎర్రమోసు కూడా అదే కుటుంబానికి చెందినవి కనుక వాటినీ పచ్చిగా పెట్టకపోవడమే వివేకం. పచ్చి చేపను సంగటిలో కలిపి పెడితే చేపలోని థయామినే కాక సంగటిలోనిదీ నష్టమవుతుంది. పాలిష్ బియ్యపు అన్నంలో అసలే థయామిన్ తక్కువ. ఒకటి రెండు పూటలు తిన్నంత మాత్రాన కుక్కకు ఏమీ కాదు. చెరువులు అడుగంటే ఏప్రిల్, మే నెలల్లో వారాల తరబడి పచ్చి చేపలే ఆహారమైతే ప్రమాదం.

రెండోది పరాన్నజీవులు. కాలేయపు జలగలు, బద్దెపురుగులు, నాథోస్టోమా వంటి గుండ్రని పురుగుల పిల్ల దశలు మంచినీటి చేపల కండలో దాగి కుక్కను చేరగలవు. ముక్క లోపలి వరకు ఉడికితే ఇవి చస్తాయి. మైనస్ 20 డిగ్రీల వద్ద 7 రోజులు గడ్డకట్టించినా చస్తాయి కాని, ఇళ్ళలోని ఫ్రిజ్ అంత చల్లదనాన్ని నిలకడగా ఇవ్వదు. పైగా థయామినేజ్ చల్లదనానికి నశించదు. విదేశీ గ్రంథాల్లో భయపెట్టే సాల్మన్ విషజ్వరం పసిఫిక్ తీరపు చేపలకు సంబంధించినది. దానిని ఇక్కడి రైతుకు బోధించనవసరం లేదు.

ఇక వేడికి లొంగనివి. కడప జిల్లాకు సముద్రతీరం లేదు. కానాగంతలు, కవళ్ళు, తూర వంటి సముద్రపు చేపలు మంచుపెట్టెల్లో రావలసిందే. దారిలో మంచు కరిగితే బాక్టీరియా చేప కండలోని హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మారుస్తుంది. ఒకసారి ఏర్పడిన హిస్టమిన్ ఉడికించినా పోదు. వాంతులు, విరేచనాలు, ముఖం వాపు దాని లక్షణాలు. సాయంత్రం అంగడిలో మిగిలిన చేపను “కుక్కకే కదా” అని చవకగా కొనడంలో ఉన్న చిక్కు ఇదే.

అంతకంటె ఎక్కువగా పట్టించుకోవలసినది ఎండుచేప. నెత్తళ్ళ వంటి చిన్న చేపలను ఉప్పు లేకుండానే ఎండబెట్టే పద్ధతి ఉంది; పెద్ద చేపలకు మాత్రం ఉప్పు దట్టంగా పట్టిస్తారు. కుక్క శరీర బరువులో కిలోకు 2 గ్రాముల ఉప్పు చేరితే విషలక్షణాలు కనిపించవచ్చు. 4 గ్రాములు ప్రాణాంతకం. ఎండుచేపలో నూటికి 15 పాళ్ళ ఉప్పు ఉందనుకుంటే, 12 కిలోల కుక్కకు 160 గ్రాముల ఎండుచేపతోనే 24 గ్రాముల ఉప్పు అందుతుంది. తాగడానికి నీరు చాలినంత ఉంటే మూత్రపిండాలు చాలావరకు దానిని బయటికి పంపగలవు. ఎండాకాలంలో మంద వెంట నడిచే కుక్కకు ఆ నీరే కరవు. అటువంటప్పుడు ఇంతకంటె తక్కువ ఉప్పు కూడా మెదడుకు హాని చేస్తుంది. ఎండుచేపను ఉడికిస్తే ఉప్పు నశించదు, పులుసులోకి దిగుతుంది అంతే. రెండు మూడు సార్లు నీళ్ళు మార్చి నానబెట్టి, ఉడికించిన నీటిని కూడా పారబోయాలి. ఉప్పు సోకిన కుక్కకు ఒక్కసారిగా కుండెడు నీళ్ళు పెట్టకూడదు. మెదడు వాచే అపాయం ఉంది. కొద్దికొద్దిగా, మాటిమాటికీ తాగించి వైద్యుని వద్దకు చేర్చాలి.

కార్ప్ జాతి చేపల పిత్తాశయంలోని విషం కూడా వేడికి చెడదు. మందనుకొని దానిని మింగిన మనుషులకు మూత్రపిండాలు పాడైన ఉదంతాలు మన దేశంలోనే నమోదయ్యాయి. చేపను శుభ్రం చేసేటప్పుడు ఆ తిత్తిని వేరుచేసి పూడ్చిపెట్టాలి. ముల్లు, తలలో ఇరుక్కున్న గాలం, తెగిన వలదారం సంగతి సరేసరి. ఇంట్లో మిగిలిన చేపల పులుసు పనికిరాదు. అందులోని ఉల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది.

తాజా చేపను పొలుసు, పేగులు తీసి, ఉప్పు కారం లేకుండా ఉడికించి, ముళ్ళు ఏరి సంగటిలో కలపడం ఉత్తమం. 10 కిలోల కుక్కకు రోజుకు 600 నుంచి 700 కేలరీలు కావాలి. ఉన్న ఆహారానికి అదనంగా ఇచ్చేది అందులో పదో వంతుకు మించకూడదనుకుంటే, ఉడికిన చేప ఇంచుమించు 60 గ్రాములు. చేపనే ముఖ్యమైన మాంసకృత్తుగా ఇవ్వదలచిన వారు పశువైద్యుని సలహాతో మిగతా పోషకాలను సరిచూసుకోవాలి.

ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల వంటి చోట్ల చదివే విద్యార్థులు రోగచరిత్ర సేకరణలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. థయామిన్ లోపంలోనూ ఉప్పు విషంలోనూ కుక్క తూలుతుంది, వెనుక కాళ్ళు పడిపోతాయి, మూర్ఛ వస్తుంది. ఊళ్ళో దానిని పిచ్చికుక్క అంటారు, కర్రలు లేస్తాయి. థయామిన్ ఇంజెక్షన్‌తో త్వరలోనే కోలుకోగలిగిన కాపలా కుక్క ఆ విధంగా ప్రాణం కోల్పోవచ్చు. అందుకే గత నెలలో కుక్క ఏ చేప తిన్నది, పచ్చిదా ఎండుదా, నీరు ఎక్కడ తాగింది అన్న ప్రశ్నలు తప్పక అడగాలి. అయితే జవాబు ఏదైనా, చేప తిన్నదని తేలినంత మాత్రాన రేబిస్ కాదని తీర్మానించరాదు. చేతి తొడుగులు లేకుండా నోరు తెరచి చూడరాదు. కుక్కను విడిగా బంధించి గమనించాలి. కరిచిన వారు ఉంటే కాటును సబ్బుతో 15 నిమిషాలు కడిగించి, కుక్క పరిస్థితి తేలే వరకు ఆగకుండా అదే రోజు టీకాకు పంపాలి. కుక్క మరణిస్తే కళేబరాన్ని పూడ్చకముందే మెదడు నమూనాను ప్రయోగశాలకు చేర్చే ఏర్పాటు చేయాలి.